ఉమ్మడి ఇల్లు, మూడో వంతు వసీయత్

హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద సుమారు 60 కిలోమీటర్లు దాటాక ప్రజ్ఞాపూర్ చౌరస్తా వస్తుంది. ఎడమకు తిరిగితే గజ్వేల్. ఒకప్పుడు బస్సు ఆగితే చాయ్ తాగి పోయే తావు ఇది. ఇప్పుడు గజ్వేల్-ప్రజ్ఞాపూర్ కలిసి మున్సిపాలిటీ. రోడ్డు నాలుగు లేన్లయింది, జాగా గజాల్లో అమ్ముడుపోతోంది. ఇక్కడి ముస్లిం ఇళ్ళలో ఒక పెద్దమనిషి కాళ్ళు చేతులు ఆడుతున్నప్పుడే వసీయత్ రాయించాలని కూర్చుంటే, కాగితం మీద పడే వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: "నా ఇల్లు నా కొడుక్కి."

నాలుగే మాటలు. అందులో "నా" నిలవదు, ఎందుకంటే ఇల్లు అతనొక్కడిది కాదు. "ఇల్లు" నిలవదు, ఎందుకంటే అతని చేతిలో ఉన్నది ఇల్లు కాదు, ఇంట్లో ఒక హిస్సా. "కొడుక్కి" కూడా నిలవదు, ఎందుకంటే మేం పాటించే హనఫీ న్యాయంలో వారసుడికి వసీయత్ చెయ్యాలంటే మిగతా వారసులు ఒప్పుకోవాలి, అదీ రాసినాయన పోయిన తర్వాత ఒప్పుకోవాలి. ఇంత చిన్న వాక్యంలో ఇన్ని తప్పులు ఎట్లా చేరాయి? చదువు లేక అని తేల్చెయ్యడం సులువు. కానీ ఆ వాక్యం వెనక ఒక చరిత్ర ఉంది. అది మా చరిత్ర, ఈ ఊళ్ళ చరిత్ర కూడా.

ముందు ఇంటి సంగతి. పొలానికి సర్వే నంబరు ఉంటుంది, పట్టాదారు ఉంటాడు, పహాణీ ఉంటుంది. పట్టాదారు పోతే విరాసత్ చేయించుకోవాలని అందరికీ తెలుసు. ఊరి నడుమ ఇళ్ళున్న జాగాను మాత్రం గ్రామకంఠం అని వదిలేశారు. మా వైపు ఆబాదీ అంటారు. ఆ జాగాలో ఇల్లున్న వాళ్ళకు పట్టా లేదు, విరాసత్ లేదు. ఉన్నదల్లా పంచాయతీ వేసిన ఇంటి నంబరు, ఇంటి పన్ను రసీదు. ఆ రసీదు మీద ఒకటే పేరు పడుతుంది. మొదట తాత పేరు, ఆయన పోయిన చాలా ఏళ్ళకు పెద్దకొడుకు పేరు. పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు అతనిదైపోదని ఏ కోర్టయినా చెబుతుంది. ఊళ్ళో మాత్రం రసీదు మీద పేరున్నవాడే యజమాని. తల్లి పేరు, చెల్లెళ్ళ పేర్లు, పట్నం పోయిన తమ్ముడి పేరు ఆ కాగితం మీదికి ఎన్నడూ ఎక్కలేదు. ఉమ్మడి ఇల్లు కాగితం మీద ఒంటరి ఇల్లయింది.

నిజాం రాజ్యం ముస్లింల రాజ్యం అనే మాట బయటివాళ్ళకు బాగా అలవాటు. ఆ రాజ్యంలో ఈ ఊళ్ళలో బతికిన ముస్లింలు ఎవరో వాళ్ళు అడగరు. జవాన్లు, దర్జీలు, దూదేకులవాళ్ళు, ఫకీర్లు, ఎడ్లకు నాడాలు కొట్టేవాళ్ళు, సంతల్లో గాజులు అమ్మేవాళ్ళు. వీళ్ళకు జాగీర్లు లేవు. 1949లో జాగీర్లు రద్దయినప్పుడు వీళ్ళు పోగొట్టుకున్నదీ లేదు, పొందిందీ లేదు. వీళ్ళకున్న ఆస్తి అంతా గ్రామకంఠంలో ఒక ఇల్లు: మట్టిగోడలు, పైన గూన, ముందు వసారా, వెనక చిన్న ఆంగన్. కనుక మా ఆస్తి చరిత్ర రాయాలంటే దేవిడీల చరిత్ర కాదు, ఈ ఇళ్ళ చరిత్ర రాయాలి. అది ఎవరూ రాయలేదు.

పెద్దవాళ్ళ ఇళ్ళ చరిత్ర కోర్టులే రాసిపెట్టాయి. చనిపోయినవాళ్ళు వదిలిపోయిన ఆస్తిని హైదరాబాద్ కోర్టుల భాషలో మత్రూకా అంటారు. ఖుర్షీద్ జా పాయిగా మత్రూకా పంపకం కోసం నడిచిన దావా సి.ఎస్. 14/1958 అనే నంబరుతో ఈనాటికీ వకీళ్ళకు నోటికి వచ్చు. 1963 జూన్ 28న ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఆ డిక్రీ నుంచి పుట్టిన హైదర్‌నగర్ భూముల తగాదాలు 2023లో కూడా సుప్రీంకోర్టులో తేలుతూనే ఉన్నాయి. నవాబుల వారసులు అరవై ఏళ్ళు కోర్టులో నిలబడగలరు. నూరు నూటయాభై గజాల ఇంటి వారసులు ఒక్క వాయిదాకు గజ్వేల్ పోయి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. సూత్రం మాత్రం ఇద్దరికీ ఒకటే: మనిషి కన్ను మూసిన క్షణానే ఆస్తి వారసుల హిస్సాలుగా విడిపోతుంది. గోడలు కదలవు, తాళం మారదు, యాజమాన్యం మాత్రం అప్పటికే మారిపోయి ఉంటుంది.

1948 సెప్టెంబర్ ఈ ఇళ్ళ మీద నుంచే నడిచింది. పోలీసు చర్య తర్వాత కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లది మొదటి వరస. ఆ తర్వాత వరసలో నల్గొండతో పాటు మా మెదక్ జిల్లా కూడా ఉంది. ప్రజ్ఞాపూర్ అప్పుడు ఆ జిల్లాలోదే. సిద్దిపేట జిల్లా ఏర్పడింది 2016లో. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. చంపినవాళ్ళ, చనిపోయినవాళ్ళ లెక్క సరే, ఖాళీ చేసి పోయిన ఇళ్ళ లెక్క మాటేమిటి? కొందరు పట్నం చేరారు, కొందరు సరిహద్దు దాటారు, కొందరు తిరిగొచ్చేసరికి ఇంటి ముందు ఇంకొకరి ఎడ్లు కట్టేసి ఉన్నాయి.

ఇక్కడే ఉమ్మడి ఇంటికి ఇంకో చిక్కు పడింది. దేశం మొత్తానికి వర్తించిన చిక్కు ఇది. 1950లో కాందిశీకుల ఆస్తి చట్టం వచ్చింది. దేశం విడిచి పోయిన మనిషి ఆస్తి కస్టోడియన్ చేతికి పోయింది. పోయినవాడు ఇంట్లో ఒక్కడే అయితే? అన్న కరాచీ చేరాడు, తమ్ముడూ తల్లీ ఇక్కడే ఉన్నారు, ఇల్లు ముగ్గురిదీ. అప్పుడు ఆ ఇంట్లో అన్న హిస్సాకు సర్కారు భాగస్వామి అయింది. పోయినవాడి హిస్సాను ఉన్నవాళ్ళ హిస్సా నుంచి విడదియ్యడానికే 1951లో ప్రత్యేకంగా మరో చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఉన్నవాళ్ళు అధికారి ముందు అర్జీ పెట్టుకుని, తమ హిస్సా ఇంతని రుజువు చేసుకోవాలి. ఏ కాగితంతో? ఇంటి పన్ను రసీదుతోనా? ఆ తర్వాత 1968లో శత్రు ఆస్తి చట్టం వచ్చింది. దానికి 2017లో చేసిన సవరణ ప్రకారం, శత్రు ఆస్తి అని రాసుకున్న హిస్సాకు వారసత్వ న్యాయమే వర్తించదు, వారసులు భారత పౌరులైనా సరే. తన ఇంటి గురించి నోరు విప్పకుండా ఉండడం, కాగితం జోలికి పోకుండా ఉండడం మా పెద్దలకు ఎట్లా అలవాటైందో ఈ సంవత్సరాలు వరసగా చదివితే తెలుస్తుంది. కాగితం అడిగితే ఉన్నది కూడా పోతుందేమో అనే భయం అది.

ఇక షరియత్ సంగతి. బయటివాళ్ళు మమ్మల్ని పొద్దున లేస్తే షరియత్, పడుకుంటే షరియత్ అన్నట్టు చూస్తారు. మా నాయకులు కూడా ఆ బొమ్మనే భుజాన మోస్తారు. 1937 షరియత్ చట్టం ఎందుకు వచ్చిందో ఈ ఇద్దరూ మాట్లాడరు. పంజాబ్‌లోనూ ఇంకా చాలా చోట్లా ముస్లింలు వారసత్వంలో స్థానిక ఆచారాన్ని పాటిస్తూ, ఆడవాళ్ళకు ఆస్తి ఇవ్వకుండా నడిపారు. ఆ ఆచారాన్ని తీసేసి ఆడబిడ్డ హిస్సాను నిలబెట్టడం ఆ చట్టానికి చెప్పిన ముఖ్య కారణాల్లో ఒకటి. వ్యవసాయ భూమిని మాత్రం అది పక్కన పెట్టింది. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపును తొలగించింది. హైదరాబాద్ ఇలాకాకు కేంద్ర చట్టం వర్తించింది 1960 ఫిబ్రవరి 1 నుంచి. పొలం సంగతి ఎట్లా ఉన్నా, ఇంటి విషయంలో సందేహమే లేదు. ఇంట్లో కూతురికి హిస్సా ఉంది. కొడుకు హిస్సాలో సగం, అయినా హిస్సాయే. అన్-నిసా సూరా ఏడో వాక్యం ఆస్తి కొద్దిదైనా ఎక్కువైనా ఆడవాళ్ళకు భాగం ఉందని తేల్చింది. నూరు గజాలది చిన్న ఇల్లు కదా అని తప్పించుకునే దారిని ఆనాడే మూసేసింది.

ప్రజ్ఞాపూర్‌లో నడుస్తున్నది ఏమిటి? ఊరి రివాజు. పక్కింటి రెడ్డి, ముదిరాజు, మాదిగ ఇళ్ళలో నడిచినదే మా ఇళ్ళలోనూ నడిచింది. పెళ్ళికి పెట్టిన ఖర్చే ఆడపిల్ల వాటా. పండక్కి పిలిచి జత బట్టలు పెడితే లెక్క సరి. "నా హక్కు మాఫ్ చేశాను భాయిజాన్" అని చెల్లెలు ఒక్క మాట అంటే ఆమె పుట్టిల్లు తలుపు ఆమెకు తెరిచే ఉంటుంది. అనకపోతే మూసుకుంటుంది. దీన్ని మాఫీ అనడం న్యాయం కాదు, అది పుట్టింటికి రావడానికి కట్టే సుంకం. పైగా తండ్రి బతికుండగా చేసిన మాఫీకి న్యాయంలో మామూలుగా బలం లేదు, అప్పటికి ఆమెకు పుట్టని హక్కును ఆమె వదులుకోలేదు. దానికి ప్రతిగా డబ్బో జాగానో తీసుకుని ఉంటే మాత్రం తర్వాత అడ్డం తిరగడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది.

హిందూ ఇళ్ళలో ఇదే కాలంలో జరిగింది కూడా చూడాలి. ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసి, 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించేటట్టు, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయిన వాళ్ళను వదిలేసింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది. మంచిదే. అయితే 1956 చట్టం కింద హిందువు తన వాటానంతా వీలునామాలో ఎవరికైనా రాసిపెట్టవచ్చు, కూతురి పేరు లేకుండానే. ముస్లింకు ఆ వీలు లేదు. తన తర్కాలో, అంటే ఖననం ఖర్చులు, అప్పులు, సియాహానామాలో రాసి ఇవ్వకుండా మిగిల్చిన భార్య మహర్ అన్నీ తీరిన తర్వాత మిగిలిన దాంట్లో, మూడో వంతుకు మించి వసీయత్ చేస్తే వారసులు ఒప్పుకోనిదే చెల్లదు. సాద్ బిన్ అబీ వఖాస్ తన ఆస్తిలో ఎంత దానం చెయ్యవచ్చని అడిగితే, మూడో వంతు చాలు, అదీ ఎక్కువేనని ప్రవక్త జవాబిచ్చినట్టు హదీసు. ఇంటివాళ్ళను బిచ్చానికి వదలకుండా కాపాడిన గీత అది. షియాల్లో ఆ మూడో వంతును వారసుడికైనా రాయవచ్చు, మిగతావాళ్ళ ఒప్పుదల అక్కర్లేదు.

లెక్క చూస్తే గాని ఇది ఒంటికి పట్టదు. 144 గజాల ఇల్లు అనుకుందాం. తండ్రి పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, 18 గజాలు. మిగిలిన 126లో కొడుకులకు 42 చొప్పున, కూతుళ్ళకు 21 చొప్పున. కొన్నాళ్ళకు తల్లి పోయింది. ఆమె తల్లిదండ్రులు అంతకు ముందే పోయారు. ఆమె 18 గజాలు మళ్ళీ పంచితే కొడుక్కి 6, కూతురికి 3. ఇప్పుడు కొడుకుల హిస్సా 48 గజాల చొప్పున, కూతుళ్ళది 24 చొప్పున. రసీదు మీద పేరున్న పెద్దకొడుకు "నా ఇల్లు" అంటున్న దాంట్లో అతనిది 48 గజాలు. అతనికి వేరే ఆస్తి ఏదీ లేకపోతే, అతను వసీయత్ చెయ్యగలిగింది 16 గజాలు. 144లో 16.

ఇంత కొద్దిదాని కోసం వసీయత్ ఎందుకని చాలామంది వదిలేస్తారు. ఇక్కడే మేం ఆగి మాట్లాడాలి. ఆ పెద్దకొడుక్కి ఇద్దరు కొడుకులు. ఒకడు తండ్రి కళ్ళ ముందే లారీ కింద పడి పోయాడు, చిన్నపిల్లల్ని వదిలి. హైవే పక్క ఊళ్ళలో ఇది కొత్త విషయం కాదు. తాత పోయిన రోజు ఆ పిల్లలకు ఏం వస్తుంది? ఏమీ రాదు. దగ్గరి వారసుడు ఉంటే దూరపు వారసుడికి దారి లేదు. బతికున్న కొడుకు, అంటే ఆ పిల్లల బాబాయి, వాళ్ళకు అడ్డం. కోడలు మామకు వారసురాలే కాదు. ఆ ఇంట్లో పుట్టి ఆ ఆంగన్‌లో ఆడిన పిల్లలు ఒక్క ఫాతిహాతో పరాయివాళ్ళవుతారు.

ఈ దెబ్బ ముస్లిం సమాజాలకు తెలియనిది కాదు. ఈజిప్ట్ 1946లో వసీయత్ చట్టం చేసి, అలాంటి మనవలకు తాత వసీయత్ చెయ్యకపోయినా చేసినట్టే లెక్కకట్టి మూడో వంతు లోపల ఇప్పించింది. పాకిస్తాన్ 1961లో తండ్రి హిస్సాను మనవలకే ఇచ్చింది. మన దగ్గర అటువంటిదేదీ లేదు. షాబానో తీర్పు వచ్చిన 1985లో, దాన్ని తిప్పికొట్టే చట్టం వచ్చిన 1986లో షరియత్ పేరుతో ఎన్ని ఉపన్యాసాలు నడిచాయో దేశం చూసింది. తండ్రి లేని మనవల మాట ఆ వేదికల మీదికి రాలేదు. ఉమ్మడి పౌరస్మృతి అంటూ మా మీద పడే వాళ్ళకూ ఈ పిల్లలు పట్టరు, వాళ్ళకు కావలసింది మా నలుగురు పెళ్ళాల కథ. ఈ రెండు గోలల మధ్య ఆ పిల్లలకు మిగిలిన ఆసరా తాత బతికుండగా రాసే వసీయత్ లేదా చేసే హిబా. మనవడు వారసుడు కాడు గనుకే అతనికి మూడో వంతు దాకా వసీయత్ ఎవరి ఒప్పుదలా లేకుండా చెల్లుతుంది. కొడుక్కి రాయాలని తాపత్రయపడే చేతికి నిజంగా రాయగలిగింది మనవడికే.

పదహారు గజాలంటే పన్నెండడుగులకు పన్నెండడుగులు. ఒక గది. రోడ్డు వైపైతే ఒక మల్గీ.

హిబా సంగతీ చెప్పాలి, ఎందుకంటే వసీయత్ చాలదనుకున్న వాళ్ళు అటు పోతారు. హిబాకు మూడో వంతు గీత లేదు, కానీ అప్పటికప్పుడు స్వాధీనం అప్పగించాలి. విడదీయని హిస్సాను, అంటే ముషాను, స్వాధీనం చెయ్యడం ఎట్లా? ఆ ప్రశ్న మీద హనఫీ ఫుఖహాలు చాలా రాశారు. ప్రీవీ కౌన్సిల్ 1889లో ఈ ముషా నియమం మారుతున్న సమాజానికి పనికిరాదని, దాన్ని వీలైనంత బిగించి చదవాలని అంది. వసీయత్‌కు ఈ బాధ లేదు. అది పనిచేసేది మరణం తర్వాత, స్వాధీనంతో దానికి పని లేదు. అందుకే పంచుకోని ఇంట్లో ఉన్న హిస్సాకు హిబా కంటే వసీయతే అనువు. హిబాకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2011లో సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన విశాఖపట్నానిదే. ఒక డాక్టరు 1968లో ఒక కొడుక్కి రాసిన కాగితం, రిజిస్టర్ కానిది, నలభై ఏళ్ళకు పైబడి అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ బిడ్డల మధ్య నలిగి చివరకు నిలబడింది. నిలబడింది నిజమే, ఎన్నేళ్ళకు అనేది కూడా చూడాలి.

కొందరు మరో దారి తొక్కారు. కొడుకులు లేక కూతుళ్ళే ఉంటే, ఆ కూతుళ్ళకు ఉమ్మడిగా మూడింట రెండు వంతులే వచ్చి, భార్య హిస్సా పోగా మిగిలినది అన్నదమ్ములకు పోతుంది. కేరళలో ఒక న్యాయవాది దంపతులు 2023 మార్చి 8న ప్రత్యేక వివాహ చట్టం కింద తమ పెళ్ళిని మళ్ళీ నమోదు చేసుకున్నారు. అట్లా చేస్తే భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, ఆస్తంతా కూతుళ్ళకే పోతుంది. వాళ్ళను కాఫిర్లన్నవాళ్ళూ ఉన్నారు, మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ప్రజ్ఞాపూర్‌లో పెళ్ళయి నలభై ఏళ్ళయిన దర్జీని కలెక్టరేట్ చుట్టూ తిరిగి మళ్ళీ పెళ్ళి చేసుకొమ్మని ఎవరం చెప్పగలం?

ఈ మధ్య ఇళ్ళ రాతలు కొంత మారుతున్నాయి, అదీ సర్కారు చేతుల మీదుగా. ఇక్కడికి దగ్గరే ఎర్రవల్లి, నర్సన్నపేటల్లో 2016 డిసెంబర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళ గృహప్రవేశాలు జరిగాయి. ఆ పథకంలో ఇల్లు ఇల్లాలి పేరు మీద ఇచ్చారు. అంటే ఆమె పోతే మొగుడికి, పిల్లలుంటే, నాలుగో వంతే. మగవాళ్ళకు ఈ లెక్క ఇంకా తట్టినట్టు లేదు. మల్లన్నసాగర్ కింద మునిగిన ఊళ్ళ జనం గజ్వేల్ పక్కకు వచ్చి స్థిరపడ్డారు. 2013 భూసేకరణ చట్టం వయసొచ్చిన ప్రతి మనిషినీ, ఆడైనా మగైనా, వేరే కుటుంబంగా లెక్కపెట్టమంటుంది. అట్లా లెక్కకు వచ్చిన ఆడపిల్ల తన తండ్రి ఇంటి రసీదులో ఎప్పుడూ లెక్కకు రాలేదు.

ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు బయటపడే సంగతి ఇంకొకటి. ఒక అన్న తన హిస్సా బయటివాడికి అమ్మేస్తే, మిగతావాళ్ళు ఆ హిస్సాను ధర కట్టి తామే తీసుకునే హక్కు 1893 పంపకాల చట్టంలో ఉంది. అవిభక్త కుటుంబం అన్న మాట చూసి అది హిందువులకే అనుకుంటారు. ఇల్లు పంచుకోని ముస్లిం కుటుంబానికీ వర్తిస్తుందని అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచి 1908లోనే చెప్పింది. మా షుఫా హక్కు కూడా ఇట్లాంటిదే. 1962లో సుప్రీంకోర్టు పక్కింటివాడి షుఫాను కొట్టేసింది, సహభాగస్వామి షుఫాను నిలిపింది. ఇల్లు పరాయి చేతిలోకి పోకుండా కాపాడే ఈ తాళాలన్నీ సహభాగస్వాముల చేతిలో ఉన్నాయి. కానీ తాము సహభాగస్వాములమని రాసి ఉన్న కాగితం ఒక్కటి చూపాలి.

అందుకని, వసీయత్‌కు ముందు తక్సీం జరిగితే మేలు. జరగకపోతే వసీయత్‌లోనే రాయాలి: ఇల్లు మా అబ్బాది, అమ్మీ కూడా పోయింది, మేం నలుగురం, అన్నదమ్ములకు ఒక్కొక్కరికి మూడో వంతు, అక్కచెల్లెళ్ళకు ఒక్కొక్కరికి ఆరో వంతు, ఇందులో నా మూడో వంతులో మూడో వంతు ఫలానా నా మనవలకు. ముందు గది, వెనక గది అని రాయకూడదు. పంచుకోని ఇంట్లో ప్రతి ఇటుకా నలుగురిదీ, ముందు గదిని చూపి ఇచ్చే హక్కు ఒక్కడికి లేదు. వసీయత్ నోటిమాటగా కూడా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ లేదు. నోటిమాటను తర్వాత రుజువు చెయ్యడమే కష్టం. రాతకోతలాయన హద్దులు అడుగుతాడు. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం మొత్తం ఇంటివే చెప్పాలి, హిస్సాకు వేరే హద్దులుండవు. హద్దుల కింద అక్కచెల్లెళ్ళ పేర్లు రాస్తుంటే, పెళ్ళయి ఎన్నేళ్ళయినా వాళ్ళు ఆ ఇంటి యజమానులని మొదటిసారి ఒక కాగితం మీద పడుతుంది. సాక్షి సంతకాలకు వాళ్ళనే పిలవవచ్చు.